మాయ తింటే నొప్పి మాయమవుతుందా?

రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. అంట్లు బోర్లించి, పాలు తోడేసి, వంటింటి లైటు ఆర్పబోతున్నాను. ఆ వేళప్పుడు ఫోనంటే డాలస్‌లో ఉన్న మా అక్క కూతురే. దానికప్పుడు ఏడో నెల, రెండో కాన్పు.

"పిన్నీ, ఒకటడుగుతా. నవ్వగూడదు, అమ్మకి చెప్పగూడదు" అంది.

"సరే, చెప్పవే."

"కాన్పయినాక మాయ పడతది గదా, దాన్ని ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి క్యాప్సూళ్లలో నింపి ఇస్తారు ఇక్కడ. అవి మింగితే నొప్పులు తగ్గుతాయంట. పాలు పడతాయంట, దిగులు రాదంట. మా అపార్ట్‌మెంట్‌లో ఒకామె చేయించుకుంది. 250 డాలర్లు. నన్నూ చేయించుకోమంటోంది. నువ్వేమంటావ్?"

నవ్వలేదు. నవ్వు రాలేదు కూడా. చేతికర్ర పట్టుకుని గేదె పక్కన కూర్చున్న మా నాయనమ్మ గుర్తొచ్చింది.

పొదిలికి దగ్గర్లోనే మా ఊరు. మెట్ట ప్రాంతం. వాన పడితే కంది, ఆముదం, పొగాకు. పడకపోతే ఆకాశం వైపు చూడటం. ఇంట్లోకి రోజూ నాలుగు డబ్బులొచ్చేది పాడి వల్లనే. అందుకని గేదె ఈనే రోజు ఇంటిల్లిపాదికీ జాగారం. దూడ పడగానే నాన్న దాని ముక్కూ మూతీ తుడిచేవాడు. అసలు కాపలా ఆ తర్వాత మొదలయ్యేది. మాయ ఎప్పుడు పడుతుందా అని నాయనమ్మ లాంతరు పక్కన పెట్టుకుని కూర్చునేది. పడీ పడగానే తీసెయ్యకపోతే గేదె వెనక్కి తిరిగి దాన్ని తినేస్తుంది. "తిన్నదా, పాలు ఎగ్గొట్టుద్ది" అనేది. పశువుల డాక్టర్లు పాల మాట అంతగా ఒప్పుకోరు గానీ, తిననివ్వొద్దనే వాళ్లూ చెబుతారు. గొంతుకు అడ్డం పడొచ్చు, అరక్క మేత మానెయ్యొచ్చు. నాన్న ఆ మాయను పాత గోనెపట్టాలో మూటగట్టి ఊరి బయట మర్రిచెట్టు కొమ్మకు కట్టొచ్చేవాడు. పాలుగారే చెట్టుకు కడితే పాలు బాగా ఇస్తుందని. ఆ చెట్టు కింద నుంచే మా బడి దారి. ముక్కు మూసుకుని ఒకటే పరుగు!

"దాని మాయ అది తింటే మనకేంది నాయనమ్మా?" అని ఒకసారి అడిగాను.

"గొడ్డు గదమ్మా. కుక్క తినదా, పిల్లి తినదా, మేక తినదా? మడిసి తింటాడా?" అంది.

ఇదుగో, ముప్పై ఏళ్లకు ఆ ప్రశ్న డాలస్ నుంచి నా దగ్గరికి తిరిగొచ్చింది. రెండ్రోజులు గడువు ఇమ్మన్నాను దాన్ని. మా అబ్బాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఇంటర్లో నా పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి ఇప్పుడు ఒంగోల్లో కాన్పుల డాక్టరు, దానికీ ఫోన్ చేశాను. డిగ్రీలో నేను చదివింది చరిత్ర, అర్థశాస్త్రం. అయినా అర్థం చేసుకోలేనంత కష్టమేమీ లేదు ఇందులో.

ముందుగా, నాయనమ్మ చెప్పింది నిజమే. నేల మీద తిరిగే పాలిచ్చే జంతువులన్నీ దాదాపుగా తమ మాయను తామే తింటాయి. గడ్డి తప్ప మరొకటి ముట్టని ఆవు, గేదె కూడా ఆ ఒక్కపూట తింటాయి. ఒంటెలాంటివి కొన్ని తినవు. నీళ్లలో ఉండే తిమింగలాలు, డాల్ఫిన్లు తినవు. ఎందుకు తింటాయి? రక్తపు వాసనకు తోడేలో చిరుతో వస్తుందని భయమా? కన్న చోటు శుభ్రంగా ఉండాలనా? అలాగైతే తనను వేటాడే దిక్కులేని పులి కూడా ఎందుకు తింటుంది? ఈ చిక్కుముడి పట్టుకుని ఏళ్ల తరబడి పని చేసిన శాస్త్రవేత్త మార్క్ క్రిస్టల్. ఆయన విశ్వవిద్యాలయం ఉన్న ఊరి పేరు బఫెలో! న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. గేదె మాయ గురించి ఆలోచిస్తూ కూర్చున్న నాకు ఆ పేరు చూడగానే అప్పుడొచ్చింది నవ్వు.

1985లో ఆయన బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం ప్రచురించింది. మార్ఫిన్ తెలుసుగా, నల్లమందు జాతి నొప్పి మందు. అది ఇచ్చిన ఎలుకలు మాయ కూడా తింటే వాటికి నొప్పి ఇంకా బాగా తగ్గింది. మార్ఫిన్ ఇవ్వకుండా మాయ ఒక్కటే పెడితే? ఏమీ తగ్గలేదు. అంటే మాయ తనంతట తాను నొప్పి మందు కాదు. నొప్పి మందు పని చేస్తుంటే దానికి తోడు నిలుస్తుంది, కూరలో ఉప్పులాగా. ఒట్టి ఉప్పుతో కడుపు నిండదు కదా! ఉమ్మనీటికీ ఇదే గుణం ఉందని తర్వాత చూపించారు. మరి అడవిలో ఎలుకకు మార్ఫిన్ ఇచ్చేదెవరు? నిండు చూలుతో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో తల్లి ఒంట్లోనే ఆ జాతి పదార్థాలు ఎక్కువగా పుడతాయి. వాటికి మాయ తోడైతే తల్లికి నొప్పి తగ్గి, పిల్లల్ని దగ్గరికి తీసుకోగలుగుతుంది. ఇదీ ఆయన చెప్పిన సంగతి.

చదువుతుంటే గేదె మీద జాలేసింది. అది తన మందు తాను వేసుకోబోతుంటే మేం కర్రతో అదిలించామా అని.

డాలస్ క్యాప్సూల్ అమ్మేవాళ్లు పట్టుకున్నది ఈ కొసనే. "సైన్సు చెప్పింది" అంటారు. సైన్సు చెప్పింది ఎలుక గురించి. ఎలుక తిన్నది అప్పుడే పడిన పచ్చి మాయ. ఉడికించి, ఎండబెట్టి, పొడిగొట్టి, వారాల తరబడి రోజుకు నాలుగైదు గొట్టాలు మింగిన ఆడమనిషి సంగతి ఆ ప్రయోగాల్లో లేదు. చికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూశారు. మనుషుల్లో నొప్పి తగ్గుతుందనడానికి గానీ, పాలు పెరుగుతాయనడానికి గానీ, దిగులు పోతుందనడానికి గానీ ఆధారం కనిపించలేదన్నారు. లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం వాళ్లు 27 మంది బాలింతలను తీసుకుని 12 మందికి మాయ పొడి, 15 మందికి అలాగే కనిపించే గొడ్డుమాంసం పొడి ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో వాళ్లకు చెప్పలేదు. మనసు, అలసట, బిడ్డ మీద మమకారం... వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తంలో ఇనుమూ పెరగలేదు. అంతకుముందు 2013లో అదే విశ్వవిద్యాలయం వాళ్లు మాయ తిన్న 189 మంది ఆడవాళ్లను అడిగితే మాత్రం చాలామంది మేలు జరిగిందనే అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేననను. బాలింత చేతిలో ఎవరైనా ఒక మందు పెట్టి "ఇది నీకోసం" అంటే, ఆ మాటకే సగం ప్రాణం లేచొస్తుంది.

ప్రమాదం లేదా అంటే, ఉంది. అమెరికాలోనే ఆరిగన్ రాష్ట్రంలో 2016 సెప్టెంబరులో పుట్టిన ఒక పసిబిడ్డకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మందులు వాడి ఇంటికి పంపిన కొద్ది రోజులకే మళ్లీ తిరగబెట్టింది. తీరా చూస్తే తల్లి రోజూ మాయ క్యాప్సూళ్లు మింగుతోంది. ఆ క్యాప్సూళ్లను పరీక్షిస్తే అందులో అదే క్రిమి బయటపడింది. ఇంట్లో ఇంకెవరి నుంచైనా సోకి ఉండొచ్చనే అనుమానమూ ఉంది గానీ, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో ఈ సంగతి ప్రచురించి, క్యాప్సూళ్లు మానుకోవడమే మంచిదని చెప్పింది. ఇళ్లల్లో ఉడకబెట్టి ఎండబెట్టే పద్ధతిలో క్రిములు చస్తాయన్న పూచీ లేదు. ఆ పనికి అక్కడ ఒక ప్రమాణమంటూ కూడా లేదు.

"మరి చైనా వాళ్లు వేల ఏళ్లుగా తింటున్నారంట గదా" అని మా పిల్ల అడగనే అడిగింది. చైనా వైద్యంలో ఎండబెట్టిన మాయ పొడి వాడిన మాట నిజం. నీరసానికి, దీర్ఘరోగాలకు రోగులెవరికైనా ఇచ్చేవారు. కన్నతల్లి తన మాయ తాను తినడమనే ఆచారం అది కాదు. 2015లో వాళ్ల ప్రభుత్వ మందుల గ్రంథంలోంచి దాన్ని తీసేశారు. ఆ మాటకొస్తే మన దేశంలోనూ మాయ సారంతో మందు ఉంది. కలకత్తా ఆల్బర్ట్ డేవిడ్ కంపెనీ వాళ్ల ప్లాసెంట్రెక్స్. మానని పుళ్లకు డాక్టర్లు రాస్తుంటారు. క్రిములు లేకుండా శుద్ధి చేసి తీసిన సారం అది. ఇంట్లో పొడిగొట్టిన దానితో జత కట్టకూడదు.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. 2010లో ఇద్దరు పరిశోధకులు ప్రపంచం నలుమూలలా ఉన్న 179 సమాజాల ఆచారాలు వెతికారు. కన్నతల్లి మాయ తినాలనే ఆచారం ఒక్కచోటా గట్టిగా దొరకలేదు. పూడ్చిపెట్టేవాళ్లు, చెట్టుకు కట్టేవాళ్లు, కాల్చేవాళ్లు, నీళ్లలో వదిలేవాళ్లు... తినేవాళ్లు మాత్రం లేరు. తినడం మొదలైంది అమెరికాలో, 1970ల్లో. మడిసి తింటాడా అన్న నాయనమ్మ, ఊరు దాటి ఒంగోలు కూడా సరిగ్గా చూడని మనిషి, 179 సమాజాల లెక్క ఒక్క ముక్కలో తేల్చేసిందన్నమాట.

మా ఇళ్లల్లో ఏం చేసేవాళ్లు? దొడ్లో మోకాలి లోతు గొయ్యి తీసి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేవాళ్లు. మంత్రసాని ముందు మాయను పళ్లెంలో పరిచి చూసేది, ముక్క ఏదన్నా తగ్గిందేమోనని. లోపల ముక్క మిగిలిపోతే రక్తం ఆగదు, తల్లి ప్రాణానికే ముప్పు. మా డాక్టరమ్మ ఇప్పటికీ ప్రతి కాన్పులో అదే పని చేస్తానంది. అరకిలో బరువుండే ఆ మాయను తిప్పి తిప్పి చూసి, పూర్తిగా ఉందనుకున్నాకే పసుపు రంగు సంచిలో వేయిస్తుంది. 1998 నుంచి ఆసుపత్రి వ్యర్థాలకు చట్టం ఉంది కదా, దాని ప్రకారం కాల్చడానికి పంపేస్తారు.

ఇదంతా చెబుదామని మూడోరోజు ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నది. విని, "సరే పిన్నీ, మాత్రలొద్దు. మరి నొప్పికేం చేయను?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు దాని గొంతు మారింది.

"మొదటి కాన్పప్పుడు కుట్లు ఎంత నొప్పిగా ఉన్నాయో నీకు తెలుసా? కూర్చోలేక, పడుకోలేక, బాత్రూముకు పోవాలంటే భయం. నర్సు నడిగితే 'నువ్వొక్కదానివే కన్నావా' అన్నది. అమ్మేమో ఓర్చుకో అన్నది. నువ్వు కూడా అదే అన్నావు పిన్నీ."

అన్నాను. నాకు గుర్తుంది. మా వైపే ఒక నర్సింగ్‌హోములో, మంచం పక్క స్టూలు మీద కూర్చుని, బిడ్డను ఒళ్లో వేసుకుని, దాని మొహం వైపు సరిగ్గా చూడకుండానే అన్నాను. "పురుడంటే అంతే తల్లీ, నాలుగు రోజులు ఓర్చుకో."

అనడానికి నాకైనా నోరెలా వచ్చిందో! నా రెండో కాన్పు తర్వాత బిడ్డ పాలు పట్టుకున్నప్పుడల్లా పొత్తికడుపులో మళ్లీ నొప్పులు మొదలయ్యేవి. చీర చెంగు నోట్లో కుక్కుకునేదాన్ని. మొదటి కాన్పులో లేనిది ఇప్పుడెందుకొచ్చిందో, లోపలేమన్నా ఉండిపోయిందేమోనని మూడు రాత్రులు భయంతో చచ్చాను. ఎవరినీ అడగలేదు. అడిగితే అందరూ కన్నారు గదా అంటారని. మా అత్తమ్మ మాత్రం కాయం ముద్ద చేసి పెట్టేది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం, నెయ్యి. తింటే ఒళ్లు వెచ్చబడి హాయిగా ఉండేది, నొప్పి మాత్రం దాని దారి దానిదే.

అదెందుకొస్తుందో పోయిన ఏడాది దాకా నాకు తెలియదంటే సిగ్గేస్తుంది. మా డాక్టరమ్మ రెండు ముక్కల్లో చెప్పేసింది. కాన్పయ్యాక గర్భసంచి మళ్లీ పిడికిలంత అయ్యేదాకా ముడుచుకుంటుంది, రక్తం ఆగేది ఆ ముడుచుకోవడం వల్లనే. బిడ్డ పాలు తాగితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది, అది సంచిని ఇంకా ముడుస్తుంది. రెండో కాన్పు, మూడో కాన్పుకు నొప్పి ఎక్కువ. రెండు మూడు రోజులకు తగ్గిపోతుంది. "దానికి మాత్ర ఉందే పిచ్చిదానా" అంది.

ఉందట! ఐబూప్రోఫెన్ ఈ నొప్పికి బాగా పని చేస్తుందని పరిశోధనల్లో తేలింది. పారాసెటమాల్ కూడా ఇస్తారు. పాలిచ్చే తల్లులు ఈ రెండూ వాడొచ్చు, బిడ్డకు చేరేది చాలా కొద్ది. కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఐబూప్రోఫెన్ విషయంలో డాక్టరుకు ముందే చెప్పాలి. కొడీన్ కలిసిన మాత్రలు మాత్రం పాలిచ్చేటప్పుడు వద్దు, బిడ్డకు మగత కమ్మి ఊపిరి అందకపోవచ్చు. మూత్రం ఆపుకోకూడదు, నిండిన మూత్రాశయం గర్భసంచిని నెట్టి నొప్పి పెంచుతుంది. వేడినీళ్ల సంచి కాపడం, పొట్ట కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకోవడం కూడా సుఖమే. అయితే నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, వాసన వస్తున్నా, గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా ఇవేవీ చేస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

"మీ ఆడవాళ్లు అడగరే" అని కూడా అంది డాక్టరమ్మ. "రౌండ్సుకు పోయి ఎలా ఉందమ్మా అంటే పక్కన నిలబడ్డ అత్తగారు 'బాగానే ఉంది డాక్టరుగారూ, బిడ్డ పాలు తాగుతున్నాడు' అని చెబుతుంది. బాలింత తలూపుతుంది. నేను పక్క మంచానికి పోతా." దాన్ని కూడా నేను వదల్లేదనుకోండి. "అత్తగారిని కాదు, ఆ పిల్లనే మళ్లీ ఒకసారి అడగొచ్చుగా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మన రాష్ట్రంలో ఇప్పుడు నూటికి 95కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అందులో 42 శాతం సిజేరియన్లే. కడుపు కోసి కుట్టిన మనిషి మూడోరోజు నడుస్తూ పెళ్లిచూపుల పిల్లలా వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ కనిపించాలి మన ఇళ్లల్లో! చూడ్డానికి వచ్చినవాళ్లు బిడ్డ ఎవరి పోలికో చూస్తారు, తూకం ఎంతో అడుగుతారు, పాలు పడ్డాయా అంటారు. నేనూ ఇన్నేళ్లూ అవే అడిగాను.

ఇవన్నీ విన్నాక మా పిల్ల వాళ్ల డాక్టరును ముందుగానే కలిసి, నొప్పికి ఏమిస్తారు, ఎన్ని గంటలకొకసారి ఇస్తారు, పాలివ్వడానికి ముందు వేసుకోవచ్చా అని కాగితం మీద రాయించుకుంది. మాయ మాత్రల సంగతి అక్కకు నేనే చెప్పాను, దాని అనుమతి తీసుకునే. అక్క ముందు "ఛీ ఛీ" అంది. తర్వాత చాలాసేపు గమ్మున ఉండి, "అంత నొప్పి పడ్డదా అది? నాకు చెప్పలేదే" అంది. చెప్పింది అక్కా, మనిద్దరికీ చెప్పింది అన్నాను. అక్క కళ్లు తుడుచుకుని శొంఠి దంచడానికి పోయింది. డాలస్ ప్రయాణానికి రెండు డబ్బాల కాయం సర్దింది. విమానాశ్రయంలో పారేస్తారేమోనని దానికి దిగులు.

పారెయ్యలేదు. మార్చిలో ఆడపిల్ల పుట్టింది. రెండోరోజు వీడియోలో చూపించారు. ముందు బిడ్డను చూపించబోతే, "దాన్ని తర్వాత చూస్తాలే, నువ్వెట్టా ఉన్నావే?" అన్నాను.

"ఇక్కడ పదికి ఎంత అని అడుగుతారు పిన్నీ. పొద్దున ఏడు ఉండింది, ఇప్పుడు నాలుగు" అంది. "మాయ ఏం చెయ్యమంటారని నర్సు అడిగింది, తీసుకుపొమ్మన్నా. ఉండు, మాత్ర వేసుకునే టైమయింది, మళ్లీ చేస్తా."

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "ముందు నాలుగు ముద్దలు తిను, ఖాళీ కడుపుతో మాత్రేసుకోగూడదు."